సోజర్నర్ ట్రూత్ ప్రసంగాన్ని తెలుగు చేయాలంటే

సోజర్నర్ ట్రూత్ బానిసత్వం నుంచి బయటపడి, స్త్రీ హక్కుల కోసం గొంతెత్తిన అమెరికా నల్లజాతి స్త్రీ. మార్చి 8 మహిళా దినోత్సవ సభలో ఆమె ప్రసంగం చదువుదామనుకునేవాళ్లు ముందు తమ చేతికి వచ్చింది ఎవరు రాసిన పాఠమో చూసుకోవాలి. 1851 మే 28, 29 తేదీల్లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రం ఆక్రన్‌లో జరిగిన స్త్రీ హక్కుల సభలో ఆమె మాట్లాడింది. ఆమెకు చదవడం, రాయడం రాదు. కాబట్టి విన్నవాళ్లు రాసినవే మనకు దిక్కు.

సభ కార్యదర్శి మారియస్ రాబిన్సన్ అదే ఏడాది జూన్ 21న ఆంటీ స్లేవరీ బ్యూగల్ పత్రికలో ఒక పాఠం వేశాడు. సభాధ్యక్షురాలు ఫ్రాన్సిస్ గేజ్ 12 ఏళ్ల తర్వాత, 1863 ఏప్రిల్‌లో, ఇంకొకటి అచ్చువేయించింది. ఊరూవాడా తిరిగేది ఈ రెండోదే. "నేను ఆడదాన్ని కానా?" అనే ప్రశ్న పదేపదే వస్తే, 13 మంది పిల్లల మాట కనిపిస్తే, అది గేజ్‌ది. రాబిన్సన్ పాఠంలో ఆ ప్రశ్న ఒక్కసారీ లేదు. ట్రూత్ కన్నది ఐదుగురిని. మా సలహా రాబిన్సన్ పాఠమే. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ పాత పత్రికల సైట్‌లో ఆ సంచిక ఉచితంగా దొరుకుతుంది. ప్రసంగం చిన్నది, నాలుగైదు నిమిషాల్లో చదివేయొచ్చు.

ఎక్కువమంది పొరబడేది యాస దగ్గర. గేజ్ ఆమె నోట్లో అమెరికా దక్షిణాది బానిసల యాస పెట్టింది. ట్రూత్ పుట్టింది న్యూయార్క్ రాష్ట్రంలో, డచ్ మాట్లాడే యజమానుల ఇంట్లో. సుమారు తొమ్మిదేళ్లు వచ్చేదాకా ఆమెకు తెలిసింది డచ్ ఒక్కటే. గేజ్‌ను నమ్మి శ్రీకాకుళం యాసలోకో పాలమూరు యాసలోకో దించితే, ఆమెది కాని గొంతును మళ్లీ ఆమెకే అంటగట్టినట్టు. మామూలు వాడుక భాష చాలు.

ఇక మాటలు. తనను తాను స్త్రీ హక్కుగా చెప్పుకుంటుంది. "నాకు హక్కులున్నాయి" అని సరిదిద్దొద్దు. "నేనే స్త్రీ హక్కుని" అనే ఉంచండి. దున్నాను, కోత కోశాను, పొత్తులు ఒలిచాను, కట్టెలు కొట్టాను, గడ్డి కోశాను: ఈ ఐదూ విడివిడిగా రావాలి. "వ్యవసాయ పనులన్నీ చేశాను" అని కుదిస్తే ఆమె చేతులు కనపడకుండా పోతాయి.

తెలివి గురించి చెప్పేటప్పుడు పైంట్, క్వార్ట్ అనే కొలతలు వాడుతుంది. లీటర్లలోకి మార్చొద్దు. రెండు పైంట్లు ఒక క్వార్ట్. మనకూ రెండు సోలలు ఒక తవ్వ. లెక్క అచ్చంగా సరిపోతుంది: మగవాడికి తవ్వెడు, ఆడదానికి సోలెడు తెలివే ఉందనుకుంటే, ఆ సోలైనా నిండా పోయరేం? వెంటనే ఇంకో మాట: మా సోలలో పట్టేదానికన్నా ఎక్కువ తీసుకోలేం కదా, మీకు భయమెందుకు? ఈ రెంటినీ విడదీయకండి.

చివర్లో మగవాడు రెండు పక్షుల మధ్య చిక్కాడంటుంది. ఇక్కడ నిఘంటువు దెబ్బతీస్తుంది. బజార్డ్ అంటే ఇంగ్లండులో డేగ జాతి పక్షి, అమెరికాలో రాబందు. కాబట్టి డేగకూ రాబందుకూ మధ్య. "అడకత్తెరలో పోకచెక్క" నోటికి ఇట్టే వస్తుంది కానీ ఇక్కడ వద్దు. ఒకవైపు నుంచి బానిస, మరోవైపు నుంచి స్త్రీ వచ్చి మీద పడుతున్నారని ఆమె చెబుతోంది. అడకత్తెరలో ఆ ఇద్దరూ కనిపించరు.

సమయముంటే నల్లజాతి కవయిత్రి ఫ్రాన్సిస్ ఎలెన్ వాట్కిన్స్ హార్పర్ 1866లో న్యూయార్క్ స్త్రీ హక్కుల సభలో చెప్పినదీ కలపండి. తెల్ల స్త్రీలు హక్కుల గురించి మాట్లాడుతున్నారు, నేను అన్యాయాల గురించి మాట్లాడుతున్నానని ఆమె ముఖం మీదే చెప్పింది. ఆమె భర్త అప్పులతో చనిపోతే, అతని ఆస్తి లెక్కలు తేల్చే నిర్వాహకుడు పాలకుండలూ బట్టలుతికే తొట్లూ సహా పట్టుకుపోయి ఒక అద్దం మాత్రం మిగిల్చాడు. "ఇంటి సామాను" అని రాసి దాటేయకండి. ఆమె వెన్న తీసి ఒహాయోలోని కొలంబస్ నగరం బజారుకు అమ్మేది. పాలకుండలు పోతే బతుకుతెరువు పోయినట్టే.