నల్లగుడ్డు మీద పువ్వు: లక్షణం, కారణం, చికిత్స

చెనిక్కట్టె (వేరుశనగ చెట్లు) పెరికేటప్పుడో, కల్లంలో పొట్టు తూర్పారబట్టేటప్పుడో కంట్లో ఆకు మొన తగిలిందంటే అనంతపురం, కర్నూలు, కడప పల్లెల్లో ఎవరూ పెద్దగా పట్టించుకోరు. వారానికి నల్లగుడ్డు మీద తెల్లమచ్చ తేలుతుంది. ఆ మచ్చలో క్రిమి చేసిన నష్టం ఎంతో, దానిమీద మన ఒళ్లు చేసిన పోరాటం వల్ల కలిగిన నష్టం కూడా అంతే.

నల్లగుడ్డును కప్పి ఉండే కార్నియా మందం సుమారు అర మిల్లీమీటరు. అందులోని కొల్లాజెన్ పీచులు వరుస తప్పకుండా ఉన్నంతకాలమే వెలుగు సాఫీగా లోపలికి పోతుంది. క్రిమి చొరబడిన కొన్ని గంటల్లోనే తెల్లకణాలు అక్కడ పోగవుతాయి. అవి వదిలే ఎంజైములు క్రిమితోపాటు కొల్లాజెన్‌నూ కరిగిస్తాయి. తర్వాత కార్నియాలోని కణాలే రూపు మార్చుకుని, ఆ గుంటలో అడ్డదిడ్డంగా కొత్త పీచు అల్లుతాయి. పువ్వంటే ఆ అల్లికే.

గరగర, నీరు కారడం, తెల్లమచ్చ లేదు, దెబ్బ తగిలి రెండు రోజులు దాటలేదు

పైపొర గీసుకుపోయింది, అంతే. ఫ్లోరెసిన్ అనే రంగు అద్దిన కాగితం తాకించి నీలి వెలుగులో చూస్తే గీత పచ్చగా మెరుస్తుంది. శుభ్రమైన నీళ్లతో కడిగి, 1% క్లోరాంఫెనికాల్ ఆయింట్‌మెంట్ రోజుకు మూడుసార్లు, మూడు రోజులు పెట్టాలి. నేపాల్‌లోని భక్తపూర్‌లో గ్రామ కార్యకర్తలు ఇదే పద్ధతితో చాలా కళ్లు పుండు పడకుండా కాపాడారు. ఆకు, కట్టె తగిలిన కంటికి కట్టు కట్టకూడదు. ఆముదం, చనుబాలు, ఆకుపసరు అసలే వద్దు.

బూడిద రంగు మచ్చ, దూదిపీచులాంటి అంచులు, పక్కన చిన్నచిన్న మచ్చలు

బూజు (ఫంగస్) పట్టింది, ఎక్కువగా ఫ్యుజేరియం లేదా ఆస్పర్జిల్లస్. పుండు కనిపించినంత ఘోరంగా నొప్పి ఉండకపోవచ్చు, అందుకే ఆలస్యంగా వస్తారు. అంతకంటే పెద్ద చిక్కు మందుల షాపు చుక్కలతోనే. సీసా మీద డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసొలోన్ అని ఉంటే అది స్టెరాయిడ్. వేసిన మొదట్లో ఎర్రదనం తగ్గుతుంది, నయమైందనుకుంటారు. నిజానికి తగ్గింది తెల్లకణాల పోరాటం. అడ్డు లేక బూజు లోపలి పొరల్లోకి దిగుతుంది.

ముందు పుండును గీకి 10% పొటాషియం హైడ్రాక్సైడ్‌తో స్లైడు చూడాలి. బూజు పోగులు కనిపిస్తే 5% నాటమైసిన్, మొదట్లో మెలకువగా ఉన్నంతసేపూ గంటకోసారి. సీసా ప్రతిసారీ బాగా ఊపాలి, మందు అడుగున పేరుకుంటుంది. పుండు మీద అది తెల్లగా అంటుకుంటుంది, చీము అనుకుని తుడవొద్దు. వారాల తరబడి వేయాలి, నొప్పి పోయిందని మధ్యలో ఆపితే మళ్లీ మొదటికొస్తుంది.

ఒకటి రెండు రోజుల్లోనే విపరీతమైన నొప్పి, పుసి, కార్నియా వెనక అడుగున తెల్లటి చీము

బాక్టీరియా అయ్యుండే అవకాశం ఎక్కువ. బూజులోనూ చీము దిగుతుంది కాబట్టి ఇక్కడా గీకి చూడాల్సిందే. బాక్టీరియా అని తేలితే 0.5% మాక్సిఫ్లాక్సాసిన్‌లాంటి చుక్కలు మొదటి 48 గంటలు రాత్రీ పగలూ గంటకోసారి.

క్రిమి చచ్చింది, మబ్బు తగ్గలేదు

చచ్చిన క్రిమి ముక్కలు మిగిలి ఉన్నా తెల్లకణాలు ఆగవు. స్టెరాయిడ్ మాట ఎత్తాల్సింది ఇప్పుడే, అదీ బాక్టీరియా పుండులోనే: క్రిమి ఏదో తెలిసి, యాంటీబయాటిక్ కనీసం 48 గంటలు పనిచేశాక. 2012లో వెలువడిన పెద్ద పరిశోధనలో స్టెరాయిడ్ వేసినవాళ్లకూ వేయనివాళ్లకూ మూడు నెలలకు చూపు విషయంలో మొత్తమ్మీద తేడా రాలేదు. చూపు బాగా పడిపోయినవాళ్లకు మాత్రం కొంత మేలు కనిపించింది. నోకార్డియా అనే బాక్టీరియా అయితే స్టెరాయిడ్ కీడే. కాబట్టి ఇది కంటి డాక్టరు చేతిలో ఉండాల్సిన మందు. కార్నియా కరిగిపోతుంటే ఎంజైములను అణచడానికి డాక్సీసైక్లిన్ మాత్రలు కూడా ఇస్తారు.

అదే కన్ను మళ్లీ మళ్లీ ఎర్రబడుతుంది, దూదిపోగు తాకించినా తెలియదు

హెర్పిస్ అనే వైరస్. కొమ్మల్లా చీలిన పుండుకు 3% ఎసైక్లోవిర్ ఆయింట్‌మెంట్ రోజుకు ఐదుసార్లు, స్టెరాయిడ్ లేకుండా. పైపొర బాగుండి లోపలి పొర వాస్తే మాత్రం అక్కడ మంట పెట్టేది ఎక్కువగా టీ కణాలనే ఒక రకం తెల్లకణాలే. అప్పుడు స్టెరాయిడ్ కావాలి, వైరస్ మందు తోడుగా.

ముసలివాళ్లలో రెప్ప వెంట్రుకలు గుడ్డుకు గీసుకోవడం

చిన్నప్పుడు పదేపదే వచ్చిన ట్రకోమా (రెప్ప లోపలి పొరకు పట్టే అంటువ్యాధి) మచ్చ కావచ్చు. భారత్‌లో ట్రకోమా ప్రజారోగ్య సమస్యగా లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో ప్రకటించింది, కానీ పాత మచ్చలు చుక్కలకు పోవు. రెప్పకు ఆపరేషన్ చేయాలి.

పుండు మానింది, పువ్వు మిగిలింది

తొందరపడొద్దు, నెలలు గడిచేకొద్దీ కొంత పలచబడుతుంది. గరుకుదనం వల్ల చూపు చెదిరితే గట్టి కాంటాక్ట్ లెన్స్ పనికొస్తుంది. నడిమధ్య దట్టంగా ఉంటే కార్నియా మార్పిడే దారి. కొత్త కార్నియాను కూడా ఒళ్లు పరాయిదనుకోవచ్చు. ఆపరేషనైన ఎన్నాళ్లకైనా ఎర్రదనం, మసక, వెలుగు చూడలేకపోవడం, నొప్పి, వీటిలో ఏది వచ్చినా ఆ రోజే డాక్టరుకు చూపించాలి.