విండోస్ 11 అప్‌గ్రేడ్ ఆగిపోతే – పాఠం 4: గీత తర్వాత ఉన్న సగం

గత పాఠంలో సీ డ్రైవ్‌లో చోటు చేయమన్నందుకు చాలామంది డిస్క్ క్లీనప్‌లో కనిపించిన గళ్ళన్నిటికీ టిక్ పెట్టేశారు. వాటిలో ‘టెంపరరీ విండోస్ ఇన్‌స్టలేషన్ ఫైల్స్’ ఒకటి. అది చెరిపితే సీ డ్రైవ్‌లో దాగి ఉండే ‘విండోస్ బీటీ’ ఫోల్డర్ మొత్తం పోతుంది. అప్‌గ్రేడ్ ఎందుకు ఆగిందో చెప్పే లాగ్‌లు (సెటప్ తాను చేసిన పనులు రాసుకునే ఫైళ్ళు) ఉండేది అందులోనే. ఆ గడి ముట్టవద్దని అప్పుడే రాయాల్సింది. పోగొట్టుకున్నవారు ఐఎస్ఓ (విండోస్ ఇన్‌స్టలేషన్ మొత్తం ఉండే ఒకే ఫైల్) నుంచి సెటప్ మరోసారి నడిపి, ఆగిపోతే ఆగిపోనివ్వండి. లాగ్‌లు కొత్తగా వస్తాయి. చోటు కావాలంటే వీడియోలు బయటి డిస్క్‌కి తరలించండి. నేను ఎప్పుడూ చెప్పేది అదే.

విండోస్ 11 అడిగే టీపీఎం 2.0 (భద్రతా చిప్), సెక్యూర్ బూట్ (నమ్మదగిన సాఫ్ట్‌వేర్‌తోనే బూట్ అయ్యే ఏర్పాటు) చూసుకున్నారనుకుని ముందుకు వెళ్తున్నాను.

ఇప్పుడు అప్‌గ్రేడ్ ఆగినప్పుడు వచ్చే ఎర్రర్ కోడ్ సంగతి. తెర మీద ఉదాహరణకు సీ1900101 – 20017 అని వస్తుంది (ముందుండే 0ఎక్స్ ఇక్కడ రాయడం లేదు). అందరూ మొదటి సగాన్నే వెతికి, ‘డ్రైవర్ సమస్య’ అని చదివి, ఉన్న డ్రైవర్లన్నీ (హార్డ్‌వేర్‌ను నడిపే ప్రోగ్రామ్‌లు) తీసి మళ్ళీ వేస్తున్నారు. దయచేసి ఆ పని ఆపండి. సీ1900101 చెప్పేది ఒక్కటే: సెటప్ వెనక్కి తిరిగింది (పాత విండోస్‌కే మళ్ళింది), చాలావరకు ఏదో డ్రైవర్ వల్ల. ఏ దశలో, ఏ పని చేస్తుండగా అన్నది గీత తర్వాతే ఉంటుంది.

అక్కడి మొదటి అంకె దశ. 1 అంటే పాత విండోస్ ఇంకా నడుస్తోంది. 2 అంటే సేఫ్ ఓఎస్, అంటే రీస్టార్ట్ అయ్యాక సెటప్ తనకోసం తెచ్చుకునే చిన్న విండోస్. 3 కొత్త విండోస్ మొదటి బూట్, 4 రెండో బూట్. చివరి రెండు స్థానాలు పనిని చెబుతాయి: 17 బూట్, 0సీ ఇమేజ్ (కొత్త విండోస్ ఫైళ్ళ కట్ట) అమర్చడం, 0డీ మీ ఫైళ్ళు, సెట్టింగులు తరలించడం.

కాబట్టి 20017 అంటే సేఫ్ ఓఎస్ బూట్ దగ్గరే ఆగింది. కీబోర్డు, మౌస్ తప్ప యూఎస్‌బీకి తగిలించినవన్నీ పీకేయండి. రెండో హార్డ్ డిస్క్ ఉంటే దాని కేబుల్ కూడా. తయారీదారు సైటు నుంచి బయాస్ (మదర్‌బోర్డు సొంత ప్రోగ్రామ్), స్టోరేజ్ డ్రైవర్ కొత్తవి వేయండి. బయటి యాంటీవైరస్‌ను ‘డిసేబుల్’ చేస్తే చాలదు, అన్‌ఇన్‌స్టాల్ చేయాలి. ఆపేసినా దాని ఫిల్టర్ డ్రైవర్ (ఫైళ్ళ రాకపోకలను మధ్యలో ఉండి చూసేది) లోడ్ అవుతూనే ఉంటుంది.

8007042బీ – 2000డీ వచ్చిందనుకోండి. దశ 2, పని డేటా తరలింపు. ఇక్కడ డ్రైవర్ల జోలికి వెళ్ళే ముందు లాగ్ తెరవాలి. విండోస్ బీటీలో సోర్సెస్, అందులో పాంథర్, రోల్‌బ్యాక్ ఫోల్డర్లు ఉంటాయి. రీస్టార్ట్ తర్వాత వెనక్కి తిరిగితే రోల్‌బ్యాక్‌లోని సెటప్‌యాక్ట్ లాగ్ చూడండి. ఒక ఫైల్ పేరు పక్కన 570 కనిపిస్తే ఆ ఫైల్ చెడిపోయిందని అర్థం. అడ్మినిస్ట్రేటర్ కమాండ్ ప్రాంప్ట్‌లో సీ డ్రైవ్‌కి చెక్‌డిస్క్ (డిస్క్‌లోని తప్పులు సరిచేసే ఆదేశం) స్లాష్ ఎఫ్ ఇచ్చి, రీస్టార్ట్ చేసి, ఆ ఫైల్ అవసరం లేనిదైతే తీసేయండి.

అదే చోట ఉండే, తప్పులు మాత్రమే రాసే సెటప్ఎర్ లాగ్‌లో ఎర్ర జెండాల్లాంటి వరుసలు వందలు ఉంటాయి. విజయవంతమైన అప్‌గ్రేడ్‌లోనూ అవి వస్తాయి. పైనుంచి చదవకండి. కింది నుంచి పైకి, మీ కోడ్ మొదట కనిపించే చోటు దాకా రండి.

అభ్యాసం: 3000డీ, 4000డీ, 2000సీ. ఈ మూడింటికీ దశ, పని లాగ్ తెరవకుండా కాగితం మీద రాయండి. తర్వాత మీ సొంత సెటప్‌యాక్ట్ చివరి 200 వరుసలు చదివి, వెనక్కి తిరగడానికి ముందు సెటప్ ముట్టిన ఆఖరి ఫైల్ లేదా డ్రైవర్ పేరు గుర్తించండి. వచ్చే పాఠం ఆ పేరు నుంచే మొదలవుతుంది.