ఫోటోషాప్ పాఠాలు – 6: గ్రూపులో పెట్టిన కర్వ్స్ బయటి లేయర్లను ఎందుకు మారుస్తోంది?

గత పాఠంలో బతుకమ్మ పోస్టరు లేయర్లను (ఒకదానిమీద ఒకటి పేర్చిన పొరలను) గ్రూపులుగా సర్దమన్నప్పుడు చాలామందికి ఒకే చిక్కు వచ్చింది. బతుకమ్మ ఫోటో చీకటిగా ఉందని అదే గ్రూపులో కర్వ్స్ లేయరు (తన కిందివాటి వెలుతురును సర్దే లేయరు) పెట్టి వెలుతురు పెంచితే, వెనకనున్న భద్రకాళి చెరువు, ఆకాశం కూడా వెలిసిపోయాయి. కొందరు విసిగి కంట్రోల్-ఇ నొక్కి లేయర్లన్నింటినీ ఒకటిగా కలిపేశారు. దయచేసి ఆ పని చేయకండి; ఫ్లెక్సీ అచ్చుకు వెళ్లేముందు తేదీ మార్చమంటే మళ్లీ మొదటినుంచి కూర్చోవాలి.

కంట్రోల్-జి తో గ్రూపు చేయగానే దాని బ్లెండ్ మోడ్ (కిందివాటితో ఎలా కలవాలో చెప్పే అమరిక) పాస్ త్రూగా ఉంటుంది. ఆ మోడ్‌లో ఉన్నంతసేపు గ్రూపు లేయర్లను ఒకచోట ఉంచుతుందే తప్ప వాటి ప్రభావాన్ని లోపలే ఆపదు. అందుకే కర్వ్స్ తన కిందనున్న ప్రతి లేయరు మీద, గ్రూపు బయటివాటి మీద కూడా, పనిచేస్తుంది. మోడ్‌ను నార్మల్‌కు మారిస్తే ఆగుతుంది. అయితే నల్లని నేపథ్యమున్న దీపకాంతి చిత్రాన్ని అదే గ్రూపులో, నలుపు కనిపించకుండా వెలుగు మాత్రమే కిందివాటితో కలిసే స్క్రీన్ మోడ్‌లో పెట్టుకున్నవారికి అప్పుడు చెరువు మీద నల్లని పలక కనిపిస్తుంది, ఎందుకంటే ఆ కాంతి ఇక గ్రూపులోని లేయర్లతోనే కలుస్తుంది, చెరువుతో కలవదు.

అందుకే నేను క్లిప్పింగ్ మాస్కునే, అంటే ఒక లేయరు ప్రభావాన్ని దాని కిందనున్న ఒక్కదానికే పరిమితం చేసే పద్ధతినే, వాడతాను. కర్వ్స్‌ను ఫోటోకు సరిగ్గా పైన ఉంచి, ప్యానెల్‌లో ఆ రెండింటి నడుమనున్న గీత మీద ఆల్ట్ పట్టుకొని క్లిక్ చేయండి. కర్వ్స్ కొంచెం కుడికి జరిగి, దాని పక్కన కిందికి వంగిన బాణం గుర్తు వస్తుంది. ఇక అది ఆ ఒక్క ఫోటోనే మారుస్తుంది. తంగేడు, గునుగు పూలు వేర్వేరు లేయర్లుగా ఉంటే వాటిని ముందు ఒక లోపలి గ్రూపులో చేర్చి, కర్వ్స్‌ను ఆ గ్రూపుకే క్లిప్ చేయాలి. 2012 లో వచ్చిన ఫోటోషాప్ సీఎస్6 వెర్షన్ నుంచి ఇది వీలవుతుంది.

లేయర్ల, గ్రూపుల పేర్లు మార్చడానికి ప్యానెల్‌లో పేరు మీద రెండుసార్లు క్లిక్ చేస్తే చాలు.

అభ్యాసం: ఎంగిలిపూల నుంచి సద్దుల బతుకమ్మ దాకా తొమ్మిది రోజులకు ఒకే ఫైలులో తొమ్మిది గ్రూపులు చేయండి. చెరువు లేయరు అన్నింటికీ ఉమ్మడిగా అడుగున ఉండాలి. ఆరోనాడు అలిగిన బతుకమ్మ, ఆనాడు బతుకమ్మను పేర్చరు కాబట్టి ఆ గ్రూపులో అక్షరాలే ఉంటాయి, కర్వ్స్ అక్కర్లేదు. మిగతా ఎనిమిదింటిలో ఒక్కో కర్వ్స్ కన్ను గుర్తును ఆర్పుతూ వెలిగిస్తూ చెరువు నీటి రంగును గమనించండి. అది ఏమాత్రం మారినా ఆ కర్వ్స్ క్లిప్ కాలేదన్నమాట.