మూత తీయకముందు గడప చూడండి: ఇంటి తేనెపెట్టె సమస్యలు, పరిష్కారాలు

హన్మకొండలో మా డాబా మీద మొదటి తేనెపెట్టె పెట్టిన కొత్తలో నేను దాని మూత తీయని రోజు లేదు. రాణి ఉందా, పిల్లలు బాగున్నాయా, తేనె ఎంత చేరింది అని రోజూ ఒకటే టెన్షన్. నలభై రోజులు ఓపిక పట్టి ఈగలు పెట్టె ఖాళీ చేసి వెళ్లిపోయాయి. ఇప్పుడు మూడు పెట్టెలున్నాయి. మూత వారానికోసారి, ముదురు ఎండల్లో పదిహేను రోజులకోసారి తీస్తాను. మిగతా రోజుల్లో పొద్దున టీ గ్లాసు పట్టుకుని పెట్టె పక్కన పది నిమిషాలు కూర్చుంటాను. ముందు కాదు, పక్కన. ఎదురుగా కూర్చుంటే వాటి దారికి అడ్డం. ఈగలు వచ్చిపోయే సందును మా ఇంట్లో గడప అంటాం. లోపలి సంగతి సగానికి పైగా ఆ గడప దగ్గరే తెలిసిపోతుంది.

ఇక్కడ రాసిందంతా మన దేశీ తేనెటీగ గురించి. చెట్టు తొర్రల్లో, పుట్టల్లో, పాత గోడల బొక్కల్లో వరుసలు వరుసలుగా పట్టు పెట్టేది ఇదే. ఇటాలియన్ ఈగకు పెట్టె పెద్దది కావాలి, మేతా ఎక్కువ కావాలి. ఇంటి మీద ఒకటి రెండు పెట్టెలతో మొదలుపెట్టేవాళ్లకు నేనైతే దేశీదే చెబుతాను. ఏడాదికి నాలుగైదు కిలోల తేనె వస్తే సంతోషించాలి, అంతే.

పట్టి తెచ్చిన ఈగలు పెట్టెలో ఒక్క రోజు కూడా ఉండడం లేదు

ముందు మీరు పట్టింది ఏ ఈగో చూడండి. నీళ్ల ట్యాంకు కింద, అపార్ట్‌మెంట్ సజ్జా కింద చాటంత వేలాడేది పెద్ద తేనెటీగ. కంపచెట్టు కొమ్మకు అరచేతంత ఉండేది జుంటి. ఈ రెండూ వెలుతురులో ఒకే ఒక్క పట్టు పెట్టుకునే జాతులు. మీరు ఎంత మంచి పెట్టె చేయించినా ఆ చీకట్లో ఉండవు. పైగా పెద్ద తేనెటీగ జోలికి వెళ్తే ప్రాణం మీదికి వస్తుంది, దాన్ని వదిలేయండి. తొర్రలో, గోడలో ఉన్నవే పెట్టెకు పనికొస్తాయి. ఎక్కడ కొనాలో, ఎవరు నేర్పుతారో తెలియకపోతే మామునూరు కృషి విజ్ఞాన కేంద్రంలోనో, మీ దగ్గరి ఉద్యాన శాఖ ఆఫీసులోనో అడిగి చూడండి. కొనేటప్పుడు పెట్టెలో పట్టు కట్టే చెక్క చట్రాలు కనీసం నాలుగింటి నిండా ఈగలు, అందులో రెండింట్లోనైనా పిల్లలు ఉండేలా చూసుకోండి.

మధ్యాహ్నం పెట్టె ముందు గుంపుగా ఎగురుతున్నాయి, వెళ్లిపోతున్నాయా?

చాలాసార్లు కాదు. రెండు మూడు గంటల వేళ పిల్ల ఈగలు బయటికొచ్చి, ముఖం పెట్టె వైపు పెట్టి, ముందుకీ వెనక్కీ ఊగుతూ ఎగురుతాయి. ఇల్లు గుర్తుపెట్టుకుంటున్నాయి. పావుగంటలో సద్దుమణుగుతుంది. నిజంగా వెళ్లిపోయేటప్పుడు గడపలోంచి నీళ్లు పొంగినట్టు ఈగలు బయటికి వస్తాయి, మోత వీధి దాకా వినిపిస్తుంది.

తెల్లారి చూస్తే పెట్టె ఖాళీ

దేశీ ఈగకు అలక ఎక్కువ. కానీ చెప్పకుండా పోదు. వారం ముందు నుంచే గడప దగ్గర కాళ్లకు పుప్పొడి ముద్దలు పెట్టుకుని వచ్చే ఈగలు తగ్గిపోతాయి. పుప్పొడి పిల్లలకు మేత, పిల్లలు లేని ఇంట్లోకి దాన్ని ఎవరూ మోసుకురారు. ఆ గుర్తు కనిపించిన రోజే మూత తీయండి. గుడ్లు లేవు, తేనె అరలు ఖాళీ అయితే కారణం ఆకలి. కింది పలకంతా చెత్త, సాలెగూడు లాంటి జాలీలు ఉంటే మైనపు పురుగు. ఇవేవీ కాకపోతే ఎండో, చీమలో, లేదా నాలాగా రోజూ మూత తీసే యజమానో.

మన దగ్గర ఆకలి కాలం వానల్లోనే. మార్చి నుంచి వేప, కానుగ, ఇప్ప, నేరేడు, ఆ తర్వాత చింత పూత ఉంటుంది. జూన్ దాటాక రెండు మూడు నెలలు పూత తక్కువ, ఉన్నదాన్ని కూడా వాన కడిగేస్తుంది. అప్పుడు చక్కెర పాకం పెట్టాలి. కిలో చక్కెరకు లీటరు నీళ్లు, గోరువెచ్చగా కలిపితే చాలు. చిన్న గిన్నెలో పోసి, ఈగలు మునగకుండా నాలుగు పుల్లలు వేసి, చీకటి పడ్డాక పెట్టె లోపల పెట్టండి. బెల్లం వద్దు, ఈగలకు విరేచనాలు పట్టుకుంటాయి. పాకం బయట చుక్క పడినా పక్క పెట్టె ఈగలు దోపిడీకి వస్తాయి. గడప మీద ఈగలు ఒకదాన్నొకటి కిందపడేసి కొట్టుకుంటుంటే జరుగుతున్నది అదే. వెంటనే గడపను ఒకటి రెండు ఈగలు పట్టేంత సందుకు తగ్గించండి.

వెళ్లిపోయే సూచనలు ఉండి, మీకు రెండో పెట్టె కూడా ఉంటే, దాన్నుంచి అరలకు ఇంకా మైనం మూత పడని పిల్లలున్న చట్రం ఒకటి ఈగలు దులిపి ఇందులో పెట్టండి. ఆకలిగా ఉన్న పిల్లలను వదిలి వెళ్లడానికి అవి అంత త్వరగా మనసు చేసుకోవు. నాలుగైదు రోజులు గడపకు రాణి గేటు, అంటే కూలీ ఈగలు దూరేంత, రాణి దూరలేనంత సందులున్న పలక, బిగించినా సరే. కానీ అసలు కారణం తీర్చకుండా గేటు పెడితే లోపల పస్తులుంచినట్టే.

గడప కింద ఈగలు గడ్డంలా వేలాడుతున్నాయి, లోపలికి వెళ్లడం లేదు

ఏప్రిల్, మే నెలల్లో అయితే ఉక్క. పిల్లలున్న పట్టు దగ్గర ఈగలు ఎప్పుడూ 34, 35 డిగ్రీల వేడి నిలబెడతాయి. బయట 44 డిగ్రీలుంటే లోపల చల్లబరచడం వాటికి పెద్ద చాకిరీ. నీళ్లు మోసుకొచ్చి అరల అంచులకు పూసి రెక్కలతో విసురుతాయి. చోటు ఇరుకవుతుందని మిగతావి బయటికొచ్చి వేలాడతాయి.

రెండో ఏడాది మే నెలలో నేను చేసిన తప్పు చెబుతాను. వానకు తడవకూడదని పెట్టె మీద రేకు వేశాను. నీడ మాత్రం లేదు. ఒకరోజు మధ్యాహ్నం పన్నెండింటికి, అదీ ఎండలో, చూద్దామని మూత తీశాను. చట్రం రెండు చివర్లు పట్టి లేపితే కర్ర చేతిలోకి వచ్చింది, పట్టు కిందే ఉండిపోయింది. మైనం వెన్నలా మెత్తబడి ఉంది. పడిన పట్టు పక్కదాన్ని కూడా లాక్కుపోయింది. తేనె కింది పలక మీద నుంచి గడప దాకా కారి, అందులో ఈగలు రెక్కలు అంటుకుని ఈదుతున్నాయి. సాయంత్రానికి ఎక్కడినుంచి వచ్చాయో గండుచీమలు బారులు తీరాయి.

ఎండాకాలంలో పెట్టె పొద్దుటి ఎండ తగిలి, పదింటి నుంచి నీడ పడే చోట ఉండాలి. డాబా మీద అలాంటి చోటు లేకపోతే రెండడుగుల పైన తాటాకు పందిరో, గ్రీన్ నెట్ రెండు పొరలో వేయండి. మూత మీద తడి గోనెపట్టా కప్పి రోజుకు రెండుసార్లు తడపండి, నీళ్లు లోపలికి కారకుండా చూసుకుంటే చాలు. మూత తీయాల్సి వస్తే ఏడింటిలోపే. చట్రాన్ని ఎప్పుడూ నిలువుగానే పట్టుకోండి, పళ్లెంలా అడ్డంగా తిప్పితే చల్లటి రోజుల్లో కూడా పట్టు విరుగుతుంది. స్టాండు కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెడితే చీమల గొడవ అక్కడితో సరి.

వేలాడడం ఎండల్లో కాకుండా మంచి పూత ఉన్న రోజుల్లో కనిపిస్తే మాత్రం పట్టు అడుగు అంచున వేరుశనగ కాయలా వేలాడే రాణి గదుల కోసం వెతకండి. అవి ఉంటే ఈగలు రెండు కాపురాలు కాబోతున్నాయి. ఒక రాణి గది, పిల్లలు, ఈగలు ఉన్న రెండు మూడు చట్రాలు తీసి మీరే ఇంకో పెట్టె కట్టేయండి. ఖర్చు లేకుండా రెండో పెట్టె వచ్చినట్టు.

పక్కింటి కూలర్ మీద ఈగలు

"ఏం బిడ్డా, నీ ఈగలన్నీ మా కూలర్ల నీళ్లు తాగవట్టినయ్, పిల్లగాండ్లు భయపడుతున్నరు" అని పక్కింటి అత్తమ్మ గోడ మీద నుంచి అంటే నాకు నోట మాట రాలేదు. ఇది చిన్న సమస్యలా కనిపిస్తుంది కానీ, పట్నంలో తేనెపెట్టె ఎత్తేయాల్సి వచ్చేది జబ్బుల వల్ల కాదు, ఇలాంటి మాటల వల్లే. ఈగలు ఒక నీళ్ల చోటు అలవాటు చేసుకున్నాయంటే మాన్పించడం కష్టం. కాబట్టి ఎండలు ముదరకముందే, ఫిబ్రవరిలోనే పెట్టెకు పది పదిహేనడుగుల దూరంలో వెడల్పాటి మట్టి చిప్ప పెట్టి గులకరాళ్లు, నాచు వేసి నీళ్లు పోయండి. మొదటి వారం కాస్త చక్కెర కలిపితే దారి నేర్చుకుంటాయి. ఆ తర్వాత ఒక్క రోజు కూడా ఎండనివ్వకూడదు. మేము కూలర్‌కు రెండు రోజులు సాయంత్రం దాకా దోమతెర కట్టి, చిప్పలో చక్కెర నీళ్లు పెట్టి మరలించాం. అత్తమ్మకు తేనె సీసా కూడా వెళ్లిందనుకోండి.

రాత్రిళ్లు ట్యూబ్‌లైట్ చుట్టూ ఈగలు చేరితే గడపను వెలుతురు కనపడని వైపు ఉంచాలి. పెట్టెను రోజుకు మూడడుగులకు మించి జరపకండి, ఒక్కసారే అటు తిప్పకండి, కొంచెం కొంచెంగా మార్చండి.

గడప ముందు చచ్చిన ఈగల కుప్ప

నాలుక బయటికి చాచి చచ్చిపడి ఉంటే పురుగుమందు. మన చుట్టూ పత్తి, మిరప. నర్సంపేట వైపు, పరకాల వైపు పొలాల దగ్గర పెట్టె పెట్టేవాళ్లకు ఇదే పెద్ద గండం. ఇమిడాక్లోప్రిడ్ లాంటి మందులు పూత మీద కొట్టిన పొద్దున వెళ్లిన ఈగలు దారిలోనే పడిపోతాయి, ఇల్లు చేరినవి గడప దగ్గర గిరగిరా తిరిగి చస్తాయి. చచ్చినవాటికి చేసేదేమీ లేదు. మిగిలినవాటికి పాకం, నీళ్లు లోపలే ఇవ్వండి, మందు అంటిన పుప్పొడి పట్టు కనిపిస్తే తీసేయండి. పక్క రైతుతో ముందే మాట్లాడుకోవడం ఒక్కటే దారి. "అన్నా, కొట్టేది ఉంటే ముందురోజు ఒక ఫోన్ చెయ్యి, పొద్దుగూకినంక కొట్టు" అంటే చాలామంది వింటారు. ఫోన్ వచ్చిన రాత్రి గడపకు జాలీ బిగించి, గాలి ఆడేలా చూసి, తడి గోనె కప్పి మరుసటి రోజంతా ఆపండి.

కుప్ప కాకుండా రోజుకు పది పదిహేను తలలు తెగిన ఈగలు ఉంటే కందిరీగ. గడప సందు తగ్గించండి, దగ్గర్లో దాని గూడు వెతికించండి.

పట్టు మీద సాలెగూడు లాంటి జాలీలు

మైనపు పురుగు. తల్లి రెక్కల పురుగు రాత్రిపూట వచ్చి గుడ్లు పెడుతుంది, పిల్ల పురుగులు మైనంలో సొరంగాలు తవ్వుతాయి. బలంగా ఉన్న పెట్టెలో ఈగలే వాటిని ఈడ్చి పారేస్తాయి. పురుగు కనిపించిందంటే ఈగల కంటే పట్టు ఎక్కువైందని అర్థం. ఈగలు కప్పని చట్రాలన్నీ తీసేయండి, కింది పలక వారానికోసారి గీకండి. తీసిన మంచి పట్లను కవర్‌లో చుట్టి రెండు రోజులు డీప్ ఫ్రిజ్‌లో పెడితే గుడ్లతో సహా చస్తుంది. బాగా పాడైనవి కరిగించేయండి.

ఈగల పిల్ల పురుగులే అరలో తల పైకెత్తి, పడవ ముక్కులా మొన తేలి, పట్టి తీస్తే నీళ్ల సంచిలా వస్తే అది వేరే కథ. థాయ్ సాక్‌బ్రూడ్ అనే వైరస్ జబ్బు, 1991 తర్వాత దక్షిణాదిలో దేశీ ఈగలను చాలావరకు తుడిచిపెట్టింది. మందు లేదు. జబ్బు పట్లు తీసేసి, చట్రాలు ఇంకో పెట్టెకు మార్చకుండా, చేతులు, కత్తి కడుక్కుంటూ ఉండాలి.

ఒకే అరలో రెండు మూడు గుడ్లు

రాణి పోయింది, కూలీ ఈగలే గుడ్లు పెడుతున్నాయి. వాటి నుంచి మగ ఈగలే పుడతాయి. మూతకు నడుమ చిన్న బెజ్జం ఉన్న ఉబ్బెత్తు అరలు ఎక్కడ పడితే అక్కడ కనిపిస్తే అనుమానం అక్కర్లేదు. కొత్తవాళ్లు ఇక్కడ రాణిని తయారు చేయిద్దామని రోజులు పోగొట్టుకుంటారు. నా మాట వింటే రాణి ఉన్న పెట్టెతో కలిపేయండి. సాయంత్రం బలమైన పెట్టె మీద న్యూస్‌పేపర్ పరిచి, సూదితో నాలుగు బెజ్జాలు చేసి, ఈ పెట్టె దాని మీద ఎక్కించండి. కాగితం కొరికి ముక్కలు బయటపడేసేసరికి వాసన ఒకటవుతుంది. గడప దగ్గర కాగితం పొట్టు కనిపిస్తే పని జరిగినట్టే.

తేనె పులిసింది, లేదా గడ్డ కట్టింది

పులిసిందంటే పచ్చిది తీశారు. ముప్పాతిక అరలకు మైనం మూత పడ్డాకే తీయాలి, తేమ 20 శాతం లోపు ఉండాలి. వానరోజు అసలు తీయొద్దు. గడ్డ కడితే మాత్రం కంగారు పడకండి, అది చక్కెర కలిపిన గుర్తు కాదు. సీసాను చెయ్యి పట్టేంత వేడి నీళ్లలో పెడితే కరుగుతుంది, పొయ్యి మీద పెట్టొద్దు. కొంచెం చేదుగా ఉందని పక్కింటి అత్తమ్మ సీసా తిరిగిచ్చింది. వేప పూసినప్పటి తేనె అది. ఈసారి నేరేడు పూతది పంపించాను.