బరువు తగ్గించే మ్యాగజైన్ కొనే ముందు ఏం చూడాలి?

విజయవాడ బస్టాండ్‌లో బస్సు లేటైతే మన చెయ్యి బుక్ స్టాల్ వైపు వెళ్తుంది కదా, అక్కడ "నెలలో 10 కిలోలు మాయం" అని కవర్ మీద ఒకటి కనపడుతుంది. డబ్బులిచ్చే ముందు ఐదు నిమిషాలు తిరగేయండి చాలు.

ముందు యాడ్స్ చూడండి. ఎడమ పేజీలో ఏదో ఆకు పొడితో పొట్ట కరుగుతుందని ఆర్టికల్, కుడి పేజీలో అదే పొడి ఫోన్ నంబర్‌తో సహా అమ్మకానికి ఉందనుకోండి, ఇక ఆ ఆర్టికల్ రాయించింది ఎవరో వేరే చెప్పాలా. అసలు ఊబకాయాన్ని మా మందు తగ్గిస్తుందని యాడ్ వేయడమే 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం తప్పు, అయినా వేస్తూనే ఉంటారు, అది వేరే సంగతి.

తర్వాత అంకెలు. వారానికి అరకిలో నుంచి కిలో దాకా తగ్గడం సేఫ్ అని డాక్టర్లు చెప్పే మాట. మొదటి వారంలో రెండు మూడు కిలోలు తగ్గినా అందులో ఎక్కువ భాగం ఒంట్లో నీరే, ఈ ముక్క చెప్పే పత్రికైతే కాస్త నమ్మొచ్చు. బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువు ఉందో లేదో చెప్పే లెక్క) పట్టిక ఉంటే అది కూడా చూడండి, 25 దాకా నార్మలే అని వేశారంటే ఫారిన్ పట్టిక ఎత్తి పెట్టినట్టే, మనవాళ్ళకి 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం కింద లెక్క. నడుం కొలత మగవాళ్ళకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకి 80 దాటకూడదు.

రాసిందెవరు? పేరు, చదువు ఉండాలి. "మా ప్రతినిధి" అంటే కుదరదు. హైదరాబాద్‌లో మన జాతీయ పోషకాహార సంస్థ 2024లో కొత్త ఆహార మార్గదర్శకాలు ఇచ్చింది, నెట్‌లో ఫ్రీగా దొరుకుతాయి, పత్రికలో చెప్పేది దానికి పూర్తి అడ్డంగా ఉంటే ఎందుకో కారణం కూడా రాసుండాలి.

అసలు బండారం బయటపడేది వంటల పేజీలో. డైట్ పెసరట్టు అని పెట్టి కింద "నూనె: తగినంత" అని రాస్తారు! తగినంత అంటే మా ఇంట్లో ఒకటి, మీ ఇంట్లో ఇంకొకటి. చిన్న చెంచా నూనెకే సుమారు 40 కేలరీలు, అట్టుకి ఒక చెంచా వేస్తే ఒక లెక్క, చుట్టూ ధారగా పోసి మూడు చెంచాలు వేస్తే ఇంకో లెక్క, బరువు తగ్గే వంటలో కొలవాల్సిందే అది కదండీ. అలాగే "అన్నం 100 గ్రాములు" అని ఉంటే బియ్యమా, వండిన అన్నమా చెప్పారా చూడండి. వంద గ్రాముల బియ్యం అంటే దాదాపు 350 కేలరీలు, అదే వండిన అన్నమైతే 130 చిల్లర, ఇంత తేడా ఉంటే ఆ చార్ట్ పెట్టుకుని ఏం చేస్తాం. ఇంకోటి, పటమట రైతుబజార్లో దొరికే బీరకాయ, గోంగూర ఒక్కసారైనా కనపడాలి, పేజీ నిండా కినోవా, అవకాడోనే ఉంటే అది చూసి మురిసిపోడానికే. పచ్చడి, పప్పు, నెయ్యితో తినే ఇంట్లో ఏది ఎంత తగ్గించాలో చెప్పని చార్ట్ వారం కూడా నడవదు.

లెనిన్ సెంటర్లో పాత సంచికలు చవగ్గా వస్తాయి, వంటలకైతే తీసుకోండి కానీ మందుల పేజీలు నమ్మొద్దు. ఒకప్పుడు ఆకలి తగ్గిస్తుందని వాడిన సిబుట్రమిన్‌ని మన దేశంలో 2011లోనే నిషేధించారు. కొత్త సంచికల్లో బరువు తగ్గించే ఇంజెక్షన్ల గురించి రాస్తున్నారు, అవి డాక్టర్ చీటీ మీదే తీసుకోవాలని స్పష్టంగా రాశారో లేదో చూడండి.

షుగర్‌కి మాత్రలో ఇన్సులినో వాడేవాళ్ళు మాత్రం ఎంత మంచి పత్రికలో వచ్చినా ఉపవాసం డైట్ సొంతంగా మొదలుపెట్టొద్దు, షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు, ఆ పేజీ మీ డాక్టర్‌కి చూపించి మందు డోసు సంగతి మాట్లాడాకే మొదలుపెట్టండి.