బ్రూజ్‌లో ఒక్కరోజు: ఓ విజయనగరం వాడి సలహా

బెల్జియం రాజధాని బ్రసెల్స్‌లో పొద్దున్నే రైలెక్కండి, సుమారు గంటలో బ్రూజ్ ఊరు. దిగగానే మార్కెట్ కూడలికి నడిచి ముందు బెల్‌ఫ్రీ, అంటే అక్కడి గంటల టవర్, ఎక్కేయండి, తర్వాత క్యూ పెరుగుతుంది. 83 మీటర్ల ఎత్తు, 366 మెట్లు. పైకి పోయేకొద్దీ మెట్లు సన్నబడతాయి. ఎదురుగా ఎవరైనా దిగితే గోడకి అతుక్కుపోవాల్సిందే. అందుకే బరువు బ్యాగు వద్దు. పైన మోగే గంటలు 47! మన గంటస్తంభం చుట్టూ తిరిగి పెరిగిన నేనే అవి మోగగానే చెవులు మూసుకున్నాను.

వీధులన్నీ రాళ్లు పరిచినవి, చెప్పులు పనికిరావు. టాయిలెట్‌కి చిల్లర యూరోలు ఉంచుకోండి. మావాడొకడు నోటు పట్టుకుని పడ్డ టెన్షన్ చెప్పలేను.

మధ్యాహ్నం హోటలెందుకు? టవర్ కిందే బండి దగ్గర వేడివేడి బంగాళదుంప వేపుడు కొనుక్కుని, ఇంటి కారప్పొడి జల్లుకున్నాం. సాయంత్రం కాలువలో పడవ.