తెలుగు అక్షరంతో డిజైన్ – 4వ పాఠం: వత్తుకు చోటు

పోయిన పాఠంలో రంగుల జోడింపు చూశాం. పసుపు మీద నలుపు ఎంత దూరం నుంచి కనిపిస్తుందో రైల్వే స్టేషన్ బోర్డు దగ్గర నిలబడి చూడమన్నాను. ఈసారి కూడా అలాంటి బోర్డులే చూడండి, కానీ రంగు వదిలేసి అక్షరాన్ని చూడండి. 'కాకినాడ' రాయడం తేలిక, అక్షరాల కింద ఏమీ వేలాడదు. 'మంత్రాలయం రోడ్' రాసేటప్పుడు మాత్రం త కింద క్రావడి, అంటే ర వత్తు వస్తుంది. దానికి చోటు వదలడం కోసం మొత్తం పేరునే కాస్త చిన్నది చేయాలి, లేదా కాస్త పైకి జరపాలి. ఈ పాఠమంతా ఆ చోటు గురించే.

తెలుగు అక్షరాన్ని మూడంతస్తుల మేడ అనుకోండి. నడి అంతస్తులో అక్షరం ఒళ్లు ఉంటుంది. పై అంతస్తు గుడికి, గుడిదీర్ఘానికి, ఏత్వానికి. కింది అంతస్తు వత్తులది. ఇంగ్లీషులోనూ జీ, వై లాంటి చిన్న అక్షరాలకు తోకలుంటాయి కానీ, బోర్డు మీద అన్నీ పెద్ద అక్షరాలు పెట్టేస్తే ఆ గొడవే ఉండదు. మనకు ఆ దారి లేదు. డిజైన్ సాఫ్ట్‌వేర్లలో లైన్ల మధ్య దూరం మామూలుగా అక్షరం సైజుకు 120 శాతంగా వస్తుంది. అది ఇంగ్లీషును చూసి పెట్టిన లెక్క. తెలుగు పేరాలకు 140 నుంచి మొదలుపెట్టండి, 150 దాకా వెళ్లినా తప్పులేదు. పెద్ద శీర్షికలకు శాతాలు పనికిరావు, కంటితోనే చూసుకోవాలి.

ఒక బట్టల షాపు బోర్డు తీసుకుందాం. పేరు 'శ్రీ లక్ష్మీ వస్త్రాలయం'. మన ఊళ్లలో ఈ పేరు లేని బజారు ఉండదు, డిజైనర్‌కు ఇంతకంటే కఠినమైన పేరూ దొరకదు. 'క్ష్మీ'లో పైన గుడిదీర్ఘం, కింద మ వత్తు. 'స్త్రా'లో త వత్తు, దానికి తోడు క్రావడి. బోర్డు ఎత్తు 3 అడుగులు, అంటే 36 అంగుళాలు. పైనా కిందా 3 అంగుళాల చొప్పున ఖాళీ వదిలితే 30 మిగులుతాయి. గుడి నుంచి వత్తు చివరిదాకా అంతా అందులోనే ఇమడాలి కాబట్టి అక్షరం ఒంటికి దక్కేది అందులో సగం, సుమారు 15 అంగుళాలు.

ఇప్పుడు దూరం లెక్క. 10 అడుగుల దూరానికి ఒక అంగుళం ఎత్తు అక్షరం అనేది బోర్డుల పనిలో అందరూ చెప్పే కొలత, కానీ అది ఇంగ్లీషు పెద్ద అక్షరాలకు. మన అక్షరాల లోపల చుట్లు ఎక్కువ కాబట్టి నేను అంగుళంన్నర పెట్టుకుంటాను, అదీ వత్తులు కలపకుండా ఒంటిని మాత్రమే కొలిచి. ఆ లెక్కన మన బోర్డు 100 అడుగుల దూరం నుంచి హాయిగా చదవొచ్చు. రోడ్డు అవతలి వాళ్లకు అది చాలు. ఫ్లైఓవర్ మీద వెళ్లేవాళ్లకు కూడా కనిపించాలని ఓనరు పట్టుబడితే బోర్డు ఎత్తు పెంచమనండి. సెల్ నంబరు, 'మా వద్ద అన్ని రకముల...' లైను తీసేస్తే ఇంకా మంచిది, కానీ ఒప్పుకోరు.

బోర్డు మధ్యలో పేరు పెట్టేటప్పుడు సాఫ్ట్‌వేర్‌లోని సెంటర్ బటన్‌ను నమ్మొద్దు. అది వత్తులను కూడా కొలతలో కలుపుకోవచ్చు, ఫాంటు చుట్టూ ఉన్న ఖాళీని కలుపుకోవచ్చు. తలకట్టు పైన ఒకటి, ఒంటి కింద ఒకటి రెండు గైడ్ గీతలు గీసుకుని ఆ పట్టీని బట్టి మీరే పెట్టండి. వత్తులున్న పేరైతే పట్టీ నడిమికంటే కొంచెం పైనే ఉండాలి.

ఇక ఫాంట్లు. అను ఫాంట్లతో పనిచేసే డీటీపీ సెంటర్లు ఇంకా చాలా ఉన్నాయి. వాటిలో ఒక్కో అక్షరం ముక్కలు ముక్కలుగా ఉంటుంది, కాబట్టి అక్షరాల మధ్య ఎడం పెంచితే వత్తు ఒక పక్క, అక్షరం ఒక పక్క అవుతాయి. అన్ని కంప్యూటర్లూ, ఫోన్లూ ఒకేలా గుర్తించే యూనికోడ్‌లో ఈ బాధ తక్కువ. గూగుల్ ఫాంట్స్‌లో రామభద్ర, మండలి, రవిప్రకాశ్ లాంటివి ఉచితంగా దొరుకుతాయి. అనేక్ తెలుగు అయితే ఒకే ఫాంటులో సన్నం నుంచి లావు దాకా, ఇరుకు నుంచి వెడల్పు దాకా మార్చుకోవచ్చు. పొడుగు పేర్లకు అది నాకు బాగా నచ్చింది. పేరు పట్టడం లేదని అక్షరాలను పక్కల నుంచి నొక్కే అలవాటు ఉంటే ఈరోజే మానేయండి. బాపు (1933–2014) చేతిరాత ఫాంటు అందం వేరు, పెళ్లి శుభలేఖ మీద దాన్ని మించింది లేదు. డయాగ్నస్టిక్ సెంటర్ బోర్డు మీద మాత్రం నవ్వొస్తుంది.

ఫోటోషాప్ పాత వెర్షన్లలో 'లక్ష్మీ' అని టైప్ చేస్తే వత్తులు కిందికి దిగకుండా పొల్లులు విడివిడిగా వస్తాయి. టెన్షన్ పడొద్దు. ప్రిఫరెన్సెస్‌లో టైప్ దగ్గర వరల్డ్ రెడీ లేఔట్ ఎంచుకుని, కొత్త ఫైల్ తెరిచి టైప్ చేయండి. డబ్బు పెట్టలేనివాళ్లకు ఇంక్‌స్కేప్ ఉంది, తెలుగు బాగానే చూపిస్తుంది.

ఈ వారం అభ్యాసం ఒక ఏ3 పోస్టర్. విషయం 'జాతీయ గ్రంథాలయ వారోత్సవాలు, నవంబర్ 14 – 20'. బొమ్మలు వద్దు, రెండే రంగులు. 'జాతీయ' పైన చిన్నగా పెట్టండి. 'గ్రంథాలయ', 'వారోత్సవాలు' రెండూ పెద్దగా, ఎడమవైపు ఒకే గీతకు ఆనించి, ఒకదాని కింద ఒకటి. మొదటి మాటలో కిందికి దిగేది మొదట్లో ఉన్న క్రావడి ఒక్కటే. దాని కింద పడేది 'వా', దాని నెత్తిన గుడి లేదు. అంటే ఈ రెండు లైన్లను మామూలుకంటే బాగా దగ్గరికి జరపొచ్చు. తగలబోయే ముందు ఆపండి. రెండో లైనులో 'త్స' వత్తు కిందికి వేలాడుతుంది, తేదీని దాన్ని దాటించి పెట్టండి. లేదా ఆ వత్తుకు కుడిపక్కన మిగిలే ఖాళీలోకి తేదీని ఎక్కించి చూడండి. నాకైతే రెండోదే ఇష్టం, కానీ రెండూ చేసి పక్కపక్కన పెట్టుకోండి.

థ లోపలి చుక్కను మర్చిపోవద్దు. మరీ లావు ఫాంటు తీసుకున్నా, అక్షరం చుట్టూ లోపలికి స్ట్రోక్ (అంచు గీత) వేసినా ఆ చుక్క పూడిపోతుంది, గ్రంథాలయం కాస్తా 'గ్రంధాలయం' అవుతుంది. ఫ్లెక్సుల మీద కనిపించే ఇలాంటి తప్పులు అన్నీ స్పెల్లింగ్ రానివాళ్ల పనే అనుకోకండి, కొన్ని స్ట్రోకు, షాడో, ఎంబాస్ అన్నీ ఒకేసారి వేసినవాళ్ల పని. తలకట్టు విడిగా ఉండే ప, ష, స, హ లకూ ఇదే ప్రమాదం. ఆ సన్నని సందు మూసుకుపోతే ప ఒళ్లు, తలకట్టు కలిసిపోతాయి.

పూర్తయ్యాక అక్షరాలను కర్వ్స్‌గా, అంటే ఫాంటుతో పనిలేని గీతల బొమ్మలుగా మార్చండి. కోరెల్‌డ్రాలో కంట్రోల్ క్యూ, ఇల్లస్ట్రేటర్‌లో కంట్రోల్ షిఫ్ట్ ఓ. లేకపోతే ప్రెస్సులో ఆ ఫాంటు లేని కంప్యూటర్ మీ పోస్టర్‌ను తనకు తోచినట్టు చదువుతుంది. మార్చే ముందు అసలు ఫైల్ ఇంకో పేరుతో దాచుకోండి, తేదీ మారిందని ఫోన్ వస్తే అదే పనికొస్తుంది. ప్రింటుకు ఇచ్చే ఫైల్ సీఎంవైకేలో, అంటే ప్రెస్సు వాడే నాలుగు ఇంకుల రంగుల పద్ధతిలో ఉండాలి. ఫోటోలు వాడే పనైతే ఆఫ్‌సెట్‌కు 300 డీపీఐ (అంగుళానికి చుక్కలు), పెద్ద ఫ్లెక్సుకు 100 చాలు.

5వ పాఠంలో 1/8 డెమ్మీ పుస్తకానికి, అంటే 5.5 × 8.5 అంగుళాల సైజుకు అట్ట వేద్దాం. మీ ఇంట్లో ఉన్న తెలుగు పుస్తకాల్లో వెన్ను మీద పేరు పైనుంచి కిందికి ఉన్నవి, కిందినుంచి పైకి ఉన్నవి కొన్ని విడదీసి పెట్టుకోండి. స్కేలు కూడా దగ్గరుంచుకోండి.